పాత కిటికీలు పీకేయాలా, ఉంచాలా? చలి దేశాల అద్దాల కథ

ఈ రోజు మనం మాట్లాడుకునేది కిటికీ గురించి. నవ్వకండి. కిటికీలో చరిత్ర ఏముంటుంది అనుకుంటారేమో. పన్నులున్నాయి, తిరుగుబాటు ఉంది, ఆయిల్ సంక్షోభం ఉంది, పసిపిల్లల రక్తంలోకి ఎక్కే విషం కూడా ఉంది. పైగా అమెరికాలోనో కెనడాలోనో పాత ఇల్లు అద్దెకు తీసుకున్న ప్రతి తెలుగు కుర్రాడికీ ఇది డబ్బుల విషయం.

ముందు ఒక మాట. మన ఊళ్లలో పాత ఇళ్లలో కిటికీ అంటే ఏంటి? నాలుగు ఊచలు, రెండు చెక్క రెక్కలు. అద్దం ఉంటే ఉంటుంది, లేకపోతే లేదు. గాలి రావాలి, దొంగ రాకూడదు, అంతే. సంస్కృతంలో గవాక్షం అంటారు కదా, అంటే ఆవు కన్ను. ఇంగ్లీషు వాళ్ల విండో అనే మాట పాత నార్స్ భాషలోంచి వచ్చింది. దాని అర్థం గాలి కన్ను. ఎక్కడో ఉత్తర ఐరోపా వాళ్లు, ఇక్కడ మనవాళ్లు, ఇద్దరికీ గోడలో కన్నం చూడగానే కన్నే గుర్తొచ్చింది. నాకైతే ఇది భలే నచ్చుతుంది.

కానీ రాత్రికి మైనస్ పది డిగ్రీలకు పడిపోయే చోట గాలి కన్నుతో ఏం చేస్తారు? మూసేస్తే చీకటి, తెరిస్తే చావు. వెలుతురు లోపలికి రావాలి, గాలి రాకూడదు. ఈ ఒక్క చిక్కు విప్పడానికి చలి దేశాల జనం వందల ఏళ్లు కుస్తీ పట్టారు.

అద్దం ఖరీదైన రోజుల్లో ఏది దొరికితే అది వాడారు. ఆర్కిటిక్ ప్రాంతాల జనం సీల్ జంతువు పేగుల్ని చీల్చి, కుట్టి, పలచటి తెరలా బిగించేవాళ్లు. రష్యాలో అభ్రకం పలకలు వాడారు. మస్కోవైట్ అనే అభ్రకానికి ఆ పేరు మాస్కో రాజ్యం వల్లే వచ్చింది. మన నెల్లూరు ప్రాంతంలో, గూడూరు వైపు గనుల్లో తవ్వి తీసింది కూడా ఆ జాతి అభ్రకమే. ఇంగ్లండ్ నుంచి మసాచుసెట్స్‌కి ఓడల్లో వచ్చిన మొదటి వలసదారుల సంగతి ఇంకా చిత్రం. 1621లో ఎడ్వర్డ్ విన్‌స్లో అనే ఆయన ఇంటికి ఉత్తరం రాస్తూ, వెనకాల వచ్చేవాళ్లు కిటికీల కోసం కాగితం, అవిసె నూనె తెచ్చుకోవాలని సలహా ఇచ్చాడు. నూనె రాసిన కాగితంలోంచి కాస్త వెలుతురు వస్తుంది. ఆ కాగితం ఒక్కటే అడ్డం, అవతల న్యూ ఇంగ్లండ్ మంచు తుఫాను. ఊహించుకోండి.

ఇంగ్లండ్‌లో మాత్రం కిటికీ మీద ప్రభుత్వం కన్ను పడింది. 1696లో మూడో విలియం రాజు కాలంలో కిటికీ పన్ను వచ్చింది. ఇంటికి 2 షిల్లింగులు, పది కంటే ఎక్కువ కిటికీలుంటే ఇంకా కట్టాలి. జనం ఏం చేశారు? కిటికీలు ఇటుకలతో పూడ్చేశారు. వెలుతురు మీద పన్ను వేస్తే చీకట్లో ఉంటాం అన్నారు. ఈ పన్ను 1851 దాకా, అంటే నూట యాభై ఏళ్ల పైనే నడిచింది. ఇప్పుడు బ్రిటన్‌కి వెళ్లినవాళ్లు పూడ్చిన కిటికీ కనిపించగానే ఫోటో తీసి పన్ను కథ రాసేస్తుంటారు. ఆగండి, వాటిలో కొన్ని ఇంటి ముందుభాగం రెండు వైపులా ఒకేలా కనిపించాలని మొదట్నుంచీ ఉత్తుత్తిగా కట్టినవే.

ఇంకో సంగతి. 1767లో బ్రిటిష్ పార్లమెంటు అమెరికా వలసలకు వెళ్లే సరుకు మీద టౌన్‌షెండ్ చట్టాల పేరుతో సుంకం వేసింది. ఏ సరుకు? అద్దం, సీసం, రంగులు, కాగితం, టీ. చూడండి, ఒక్క టీ తప్ప మిగతావన్నీ కిటికీకి పనికొచ్చేవే. గొడవలయ్యాక 1770లో మిగతావి తీసేసి టీ మీద మాత్రం ఉంచారు. ఆ టీ గొడవే ముదిరి 1773 డిసెంబర్‌లో బోస్టన్ రేవులో పెట్టెలకు పెట్టెలు సముద్రంలో పడ్డాయి. చరిత్ర పుస్తకాలు టీని గుర్తుపెట్టుకుని అద్దాన్ని మర్చిపోయాయి. అదీ సంగతి.

సరే, ఇప్పుడు అసలు కిటికీకి వద్దాం. అమెరికా ఈశాన్య రాష్ట్రాల్లో పాత ఇళ్లలో కనిపించేది పైకీ కిందకీ జరిగే కిటికీ. రెండు రెక్కలు, ఒకటి పైన, ఒకటి కింద. ఇది పదిహేడో శతాబ్దం చివర్లో ఇంగ్లండ్‌లో బాగా వ్యాపించి అక్కణ్నుంచి అమెరికాకు వచ్చింది. రెక్కని పైకి లేపి వదిలేస్తే ధడేల్మని కింద పడాలి కదా? పడదు. ఎక్కడ ఆపితే అక్కడే నిలబడుతుంది. ఎందుకంటే పక్కన చట్రంలో కనబడకుండా ఒక బోలు పెట్టె ఉంటుంది. అందులో ఇనప గుండు వేలాడుతుంది. తాడు ఒక చిన్న గిలక మీదుగా వెళ్లి రెక్కకి కట్టి ఉంటుంది. మీ తాతగారిని అడగండి, నీళ్లు తోడే ఏతం గురించి చెప్తారు. ఒక వైపు బరువుకు రెండో వైపు బరువు సాయం చేస్తుంది. అదే సూత్రం. మోటారు లేదు, స్ప్రింగు లేదు. వందేళ్లయినా పనిచేస్తుంది. తాడు తెగితే కొత్త తాడు వేస్తే చాలు.

ఆ చెక్క కూడా మామూలు చెక్క కాదు. అప్పట్లో నరికినవి వందల ఏళ్లు మెల్లగా పెరిగిన చెట్లు. వలయాలు చాలా దగ్గరగా ఉంటాయి. మన టేకు ద్వారబంధాలు తాతల నాటివి ఇంకా ఎలా నిలబడ్డాయో అలాంటిదే. ఇప్పుడు తోటల్లో తొందరగా పెంచి కోసే పైన్ చెక్కకి ఆ గట్టిదనం రాదు.

పాత అద్దంలో అలలు అలలుగా కనిపిస్తుంది కదా, దాని గురించి ఒక పుకారు ఉంది. అద్దం ద్రవం లాంటిది, వందల ఏళ్లలో కిందకి జారుతుంది, అందుకే పాత అద్దాలు అడుగున మందంగా ఉంటాయి అని. మీరూ ఏదో రీల్‌లో చూసే ఉంటారు. తప్పు. మామూలు ఉష్ణోగ్రతలో అద్దం అలా పారాలంటే ఈ విశ్వం వయసు కూడా చాలదని లెక్కలు వేసి చూపించారు. మరి మందం తేడా ఎందుకు? తయారీ వల్ల. అప్పట్లో కరిగిన గాజుని గొట్టంతో ఊది, గిరగిరా తిప్పి పెద్ద పళ్లెంలా చేసి ముక్కలు కోసేవాళ్లు. లేదా పొడుగాటి గొట్టంలా ఊది, చీల్చి, పరిచేవాళ్లు. ఎలా చేసినా సమానంగా రాదు. అచ్చం చదునైన అద్దం చవకగా రావడానికి 1959 దాకా ఆగాల్సి వచ్చింది. ఇంగ్లండ్‌లో అలస్టర్ పిల్కింగ్టన్ అనే ఇంజనీరు, కరిగిన తగరం మీద కరిగిన గాజుని నూనె తేలినట్టు తేలించే పద్ధతి కనిపెట్టాడు. ఏడేళ్లు పట్టింది. పనిచేసింది పిల్కింగ్టన్ కంపెనీలోనే. ఇంటిపేరు ఒకటే కానీ ఓనర్ల కొడుకు కాదు.

ఇప్పుడు చలి సంగతి. ఒంటి అద్దం చలిని ఆపలేదు. అద్దం ఎంత మందంగా ఉన్నా పెద్ద తేడా రాదు. ఆపేది కదలని గాలి. చలికాలంలో ఒక మందపాటి దుప్పటి కంటే రెండు పలచటి దుప్పట్లు మేలని మా అమ్మమ్మ అనేది. మధ్యలో గాలి చిక్కుకుంటుంది కాబట్టి. చలి దేశాల వాళ్లకు ఈ సంగతి ఎప్పుడో తెలుసు. వియన్నాలో, బెర్లిన్‌లో పెట్టెలాంటి జంట కిటికీలు కట్టారు. రష్యాలో శీతాకాలం రాగానే రెండు చట్రాల మధ్య దూది కూరి, సందులకు కాగితం అంటించేవాళ్లు. గాలి కోసం పైన ఒక చిన్న తలుపు మాత్రం వదిలేవాళ్లు. అమెరికాలో అయితే బయటి వైపు ఇంకో చెక్క కిటికీ తగిలించేవాళ్లు. దాన్ని తుఫాను కిటికీ అంటారు. ఆకులు రాలే కాలంలో అటక మీంచి దించి, నిచ్చెన వేసి, ఒక్కొక్కటీ తగిలించాలి. ఏది ఏ కిటికీదో తెలియడానికి నంబర్లు ఉండేవి. వసంతం వస్తే మళ్లీ దించాలి. రెండో ప్రపంచ యుద్ధం తర్వాత అల్యూమినియంవి వచ్చి ఈ నిచ్చెన బాధ తప్పింది.

రెండు అద్దాల్ని ఒకే చట్రంలో అంటించి మధ్యలో గాలిని బంధించేస్తే పోలా? ఈ ఆలోచన చాలా పాతది. న్యూయార్క్‌లో థామస్ స్టెట్సన్ అనే ఆయన 1865 ఆగస్టులోనే పేటెంట్ తీసుకున్నాడు. అప్పటికి అమెరికా అంతర్యుద్ధం అయిపోయి నాలుగు నెలలు కూడా కాలేదు. కానీ చివర్లు గాలి చొరకుండా మూయడం ఎవరికీ చేతకాలేదు. తేమ లోపలికి వెళ్లి అద్దం మసకబారిపోయేది. ఈ మాట గుర్తుపెట్టుకోండి, మళ్లీ దీని దగ్గరికే వస్తాం. 1930లలో సి.డి. హేవెన్ అనే ఆయన పనితో థర్మోపేన్ పేరిట జంట అద్దాలు మార్కెట్లోకి వచ్చాయి. అయినా మామూలు ఇళ్లకి పెద్దగా చేరలేదు. ఎందుకు? ఆయిల్ చవక. చలేస్తే హీటర్ పెంచితే సరిపోయేది.

అక్కడ 1973 వచ్చింది. అక్టోబర్‌లో యుద్ధం, అరబ్ దేశాల ఆయిల్ నిషేధం. బ్యారెల్ 3 డాలర్ల దగ్గర ఉన్నది కొన్ని నెలల్లో 12 డాలర్ల దగ్గరకు పోయింది. అమెరికా ఈశాన్యంలో చాలా ఇళ్లు వెచ్చబడేది ఆయిల్‌తోనే. నేలమాళిగలో ట్యాంకు ఉంటుంది, లారీ వచ్చి నింపి వెళుతుంది. ఆ చలికాలం బిల్లు చూసుకున్న జనానికి మొదటిసారి కిటికీ ఒక కన్నంలా కనిపించింది.

ఆ నవంబర్‌లో కాలిఫోర్నియాలోని బర్కిలీలో ఆర్థర్ రోసెన్‌ఫెల్డ్ అనే భౌతిక శాస్త్రవేత్త, మహానుభావుడు ఎన్రికో ఫెర్మీ శిష్యుడు, ఒక శుక్రవారం రాత్రి ఇంటికి వెళ్తూ తన అంతస్తులో లైట్లన్నీ వెలుగుతూ ఉండటం చూశాడు. ఆర్పుదామంటే స్విచ్చులు బీరువాల వెనక, పుస్తకాల అరల వెనక ఉన్నాయి. అణువుల లోపల ఏముందో వెతికే మనిషి అప్పట్నుంచి కరెంటు ఎక్కడ వృథా అవుతోందో వెతకడం మొదలుపెట్టాడు. ఆయన లారెన్స్ బర్కిలీ ల్యాబ్‌లో మొదలెట్టిన పనిలో కిటికీలు ఒక భాగం. 1970ల మధ్య నుంచి స్టీఫెన్ సెల్కోవిట్జ్ అక్కడ కిటికీల పరిశోధన నడిపించాడు.

వాళ్లు పట్టుకున్న విషయం ఇది. గాలిని ఆపినంత మాత్రాన సరిపోదు. గదిలోని వేడి కంటికి కనపడని కిరణాలుగా అద్దాన్ని తాకి, అందులో ఇంకి, బయటికి పోతుంది. మీ ఇంట్లో టీ ఫ్లాస్కు ఉంటే మూత తీసి లోపలికి చూడండి. వెండిలా మెరుస్తుంది. ఆ మెరుపు వేడిని వెనక్కి కొడుతుంది. మరి కిటికీకి వెండి పూస్తే అది అద్దం కాదు, ముఖం చూసుకునే దర్పణం అవుతుంది! కిటుకేంటంటే, వెండి పొర చాలా చాలా పలచగా ఉంటే వెలుతురుని పోనిస్తుంది, వేడిని మాత్రం తిప్పి కొడుతుంది. ఎంత పలచన? మీ తల వెంట్రుక మందంలో వేల వంతుల్లో ఒకటి. ఇలాంటి పూత మార్కెట్లోకి వచ్చింది 1981 ప్రాంతంలో, సౌత్‌వాల్ అనే చిన్న కంపెనీ ద్వారా. ప్రభుత్వం పరిశోధనకి డబ్బు సాయం చేసింది. ఇప్పుడు చలి దేశంలో ఏ కొత్త కిటికీ కొన్నా ఆ పూత దాదాపు ఉన్నట్టే. మధ్యలో గాలి బదులు ఆర్గాన్ వాయువు కూడా నింపుతారు. స్వీడన్ వాళ్లు ఇంకా ముందున్నారు, 1970ల చివరికే కొత్త ఇళ్లకి మూడు అద్దాలు మామూలు చేసేశారు.

ఇక్కడిదాకా వింటే, పాతవి పీకేసి కొత్తవి వేసుకోవడమే కదా అనిపిస్తుంది. నాకూ అలా చెప్పడానికే ఒకాయన మా ఇంటికి వచ్చాడు. మేముండేది మసాచుసెట్స్‌లో, 1920లలో కట్టిన ఇల్లు. ఒక కంపెనీ సేల్స్ మనిషి రెండు గంటలు కూర్చుని, మొత్తం 22 కిటికీలకు దాదాపు 31,000 డాలర్లు చెప్పాడు. ఈ రాత్రే సంతకం పెడితే తగ్గింపు, రేపైతే లేదు అన్నాడు. మా ఆవిడ మంచినీళ్లు ఇచ్చి, ఆలోచించుకుని చెప్తాం అన్నయ్యా అన్నట్టు నవ్వి పంపించేసింది. మీకెవరికైనా ఇలా జరిగితే తెలుసుకోండి, ఇంటికొచ్చి అమ్మిన వాటికి అమెరికా చట్టం మూడు పనిదినాల లోపు రద్దు చేసుకునే హక్కు ఇస్తుంది.

ఆయన వెళ్లాక నేను కాగితం తీసి లెక్క వేశాను. వేడి ఎంత వేగంగా పోతుందో చెప్పే కొలతని యు విలువ అంటారు, అది ఎంత తక్కువైతే అంత మంచిది. అమెరికన్ లెక్కలో ఒంటి అద్దానికి సుమారు 1. దానికి తుఫాను కిటికీ తగిలిస్తే దాదాపు 0.5. కొత్త పూత కిటికీకి 0.3. మా కిటికీ ఒకటి 15 చదరపు అడుగులు. బోస్టన్ చలికి, గ్యాలన్ ఆయిల్ మూడున్నర డాలర్లు అనుకుంటే, ఒంటి అద్దం తీసి కొత్తది పెడితే ఏడాదికి కిటికీకి 45 డాలర్ల దాకా మిగులుతాయి. కానీ మాకు తుఫాను కిటికీలు ఉన్నాయి కదా? అప్పుడు మిగిలేది 13 డాలర్లు. కిటికీ ఖరీదు 1,400. అసలు రావాలంటే వందేళ్లు దాటుతుంది.

ఇందాక గుర్తుపెట్టుకోమన్నది ఇప్పుడు వస్తుంది. జంట అద్దాల అంచు మూత శాశ్వతం కాదు. సాధారణంగా ఇరవై ఏళ్లు అటూ ఇటూ. తర్వాత తేమ దూరి మధ్యలో మసక పడుతుంది. మీరు లోపల్నుంచి తుడిచినా పోదు, బయట్నుంచి తుడిచినా పోదు. దాన్ని బాగుచేయరు, అద్దాల జంటను మొత్తం మార్చాల్సిందే. వందేళ్ల కిటికీ తీసేసి ఇరవై ఏళ్ల కిటికీ పెట్టడం అన్నమాట. 1996లో పక్క రాష్ట్రం వెర్మాంట్‌లో పాత చెక్క కిటికీలను చలిలో కొలిచి చూశారు. సందులు మూసి, మంచి తుఫాను కిటికీ తగిలిస్తే, కొత్త కిటికీతో తేడా ఏడాదికి కొద్ది డాలర్లే అని తేలింది. 2012లో అమెరికా వారసత్వ కట్టడాల సంస్థ నేషనల్ ట్రస్ట్ చేసిన అధ్యయనం కూడా దాదాపు అదే చెప్పింది.

మరి ఇక ముట్టుకోకుండా వదిలేయాలా? అదీ కాదు. ఎందుకంటే రంగు.

అమెరికాలో ఇళ్ల రంగుల్లో సీసాన్ని 1978లో నిషేధించారు. 1940కి ముందు కట్టిన ఇళ్లలో వందకి 87 ఇళ్లలో సీసం రంగు ఉంటుందని అక్కడి పర్యావరణ సంస్థ లెక్క. గోడ మీద అది కదలకుండా ఉంటే పెద్దగా ప్రమాదం లేదు. కానీ కిటికీ రోజూ పైకీ కిందకీ రాసుకుంటుంది. ప్రతిసారీ కంటికి కనపడని పొడి రాలుతుంది. అడుగున కిటికీ గట్టు మీద చేరుతుంది. రెండేళ్ల పిల్ల ఎక్కడ నిలబడి బయట వానని చూస్తుంది? అక్కడే. ఆ గట్టు పట్టుకునే. తర్వాత ఆ వేళ్లు నోట్లో పెట్టుకుంటుంది. సీసం మెదడుకి చేసే నష్టం వెనక్కి రాదు. అందుకే మసాచుసెట్స్‌లో చిన్నపిల్లలందరికీ రక్తంలో సీసం పరీక్ష చేస్తారు. ఆరేళ్ల లోపు పిల్ల ఉన్న పాత ఇంట్లో ఆ రంగు ప్రమాదాన్ని తీసేయడం ఓనర్ బాధ్యత, అద్దె ఇల్లైనా సరే. ఈ చట్టం 1971 నాటిది. చదువుకోవడానికి వచ్చి పాత ఇళ్లలో చేరి, తర్వాత పెళ్లయి పిల్లలు పుట్టినవాళ్లు ఈ మాట తప్పక వినాలి. ఓనర్ని అడగడానికి మొహమాటపడకండి.

మా పాపకి అప్పుడు రెండేళ్లు. రక్తం బాగానే ఉంది. ఇన్‌స్పెక్టర్ వచ్చి చూస్తే కిటికీ గట్ల దగ్గర సీసం ఉంది. అప్పుడు లెక్క మారిపోయింది, 13 డాలర్ల లెక్క కాదది. పాప గదిలో, హాల్లో ఐదు కిటికీల చెక్క అప్పటికే పుచ్చిపోయింది, అవి కొత్తవి వేయించాం. మిగతా 17 కిటికీల రెక్కలు లైసెన్సు ఉన్నవాళ్లు ఊడదీసి, తీసుకెళ్లి, రంగు మొత్తం గీకి, కొత్త లప్పం పెట్టి, మళ్లీ బిగించారు. రాసుకునే అంచులకి, చట్రాలకి కూడా పాత రంగు తీసేశారు. ఆ రెండు వారాలు ఇంట్లో ఉండకూడదు. ఒక తెలుగు స్నేహితుడింట్లో ఉన్నాం, వాళ్లావిడ పాపకి రోజూ పప్పన్నం తినిపించింది. మొత్తం ఖర్చు ఆ సేల్స్ మనిషి చెప్పినదాంట్లో సగం కంటే కాస్త ఎక్కువైంది. చవక అని చెప్పను.

ఒక్క విషయం ఖచ్చితంగా చెప్తాను. 1978కి ముందు ఇంట్లో కిటికీ మీరే సుత్తి పట్టుకుని పీకకండి, ఇసక కాగితంతో గీకకండి. వీడియోలు చూసి చాలామంది చేస్తున్నారు. రేగే పొడి ఇల్లంతా పరుచుకుంటుంది. 2010 నుంచి ఇలాంటి ఇళ్లలో డబ్బు తీసుకుని ఈ పని చేసేవాళ్లకి ప్రత్యేక సర్టిఫికెట్ తప్పనిసరి. పని ఇచ్చేముందు చూపించమనండి.

ఎం.ఎస్.కి వచ్చి వుస్టర్‌లోనో లోవెల్‌లోనో మూడంతస్తుల పాత చెక్క ఇంట్లో నలుగురు కలిసి ఉండేవాళ్లకి ఇవేవీ చేతిలో ఉండవు, తెలుసు. మీకోసం హార్డ్‌వేర్ షాపులో పలచటి ప్లాస్టిక్ తెర దొరుకుతుంది. కిటికీ చట్రం చుట్టూ రెండు వైపులా అంటుకునే టేపు వేసి, తెర అతికించి, జుట్టు ఆరబెట్టే డ్రయ్యర్‌తో వేడి గాలి కొడితే బిగుసుకుని అద్దంలా కనిపిస్తుంది. మధ్యలో గాలి చిక్కుకుంటుంది. టేపు అతికించేముందు రంగు పెచ్చులు ఊడుతున్నాయేమో చూసుకోండి, ఊడుతుంటే ముట్టుకోకుండా ఓనర్‌కి ఫోటో పంపండి. విన్‌స్లో చెప్పిన నూనె కాగితానికి ఇది నాలుగు వందల ఏళ్ల తర్వాతి మనవరాలు. ఏప్రిల్‌లో తీసేయండి.